వంటగది గోడలో కన్నం

శాన్‌పీట్ లోయలో మార్టెన్స్ ఫోర్క్ అనే ఊళ్ళో, మెయిన్ రోడ్డు మీద, సగం తెలుపు సగం పసుపు రంగున్న ఇల్లొకటి ఉంది. రంగు మారే గీత కప్పు అంచునుంచి నేలదాకా సరిగ్గా నడిమధ్యన దిగుతుంది. తెల్ల సగానికి వెల్ల వేసేవాళ్ళ కుంచె పొరపాటున కూడా పసుపు సగాన్ని తాకదు, పసుపు వాళ్ళ కుంచె అటు వెళ్ళదు. రోడ్డు వైపు రెండు తలుపులు పక్కపక్కనే ఉంటాయి. రెండిటి మధ్యా మనిషి చెయ్యి చాపితే చాలు, కానీ తరాలు గడిచినా ఎవరూ చాపలేదు.

ఆ ఇల్లు కట్టింది నీల్స్ థోరుప్. డెన్మార్క్ నుంచి సముద్రం దాటి, మైదానాలు నడిచి ఈ లోయకొచ్చిన తొలితరం మోర్మన్లలో ఒకడు. మగవాడికి ఇద్దరు ముగ్గురు భార్యలుండొచ్చని అప్పట్లో నమ్మిన క్రైస్తవ శాఖ అది. ఆయనకు ఇద్దరు భార్యలు. పెద్దావిడ మారెన్, చిన్నావిడ ఇంగర్. ఇద్దరికీ జీవితాంతం మాటల్లేవని, అందుకే ఆయన ఎవరి తలుపు వాళ్ళకు పెట్టించాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఎంతో ఇష్టంగా చెప్పుకుంటుంది. శ్మశానంలో కూడా ఆయన్ని మధ్యలో పడుకోబెట్టి వాళ్ళిద్దర్నీ చెరోవైపు పెట్టారు, అక్కడైనా గొడవపడకుండా ఉంటారని.

ఏటా జూలై ఇరవై నాలుగున, పూర్వీకులు లోయకొచ్చిన పండగనాడు, థోరుప్ వంశమంతా ఆ ఇంటి పెరట్లో కలుస్తుంది. కలవడమంటే రెండు బల్లలు వేసుకుని కలవడం. తెల్ల తలుపువాళ్ళది ఒక బల్ల, పసుపు తలుపువాళ్ళది ఒక బల్ల. రెండిటి మీదా అవే జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు, అదే క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ. ఆ దుంపలకు చావింటి దుంపలని పేరుగానీ, ఈ ఊరివాళ్ళు పెళ్ళికీ అవే వండుతారు, పుట్టినరోజుకూ అవే వండుతారు. ఇటు బల్లవాళ్ళు అటు బల్ల దుంపల్లో ఉప్పు తక్కువంటారు. రుచి చూడకుండానే అంటారు.

పసుపు సగంలో నెడ్రా లున్‌గ్రెన్ ఒక్కతే ఉంటుంది. ఇంగర్‌కు మునిమనవరాలు. అరవై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. వార్డులో, అంటే ఊరి చర్చి సంఘంలో, ఆడవాళ్ళు మొదట్లో ఆమెకు సంబంధాలు చూసేవారు, తరవాత విసిగిపోయి, "ఈ లోకంలో కాకపోతే పై లోకంలోనైనా అవుతుందిలే సిస్టర్" అని ఓదార్చడం మొదలుపెట్టారు. "పైన చాలామంది ఖాళీగా ఉన్నారట, తొందరేముంది" అంటుంది నెడ్రా. పక్క ఊరి చిన్న కాలేజీలో చరిత్ర చెబుతుంది. మోర్మన్ల తొలిరోజుల మీద, అందులోనూ ఆడవాళ్ళ వెన్న, గుడ్లు, నేత మీద ఆమె రాసినవి దూరాన పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్ళు కూడా చదువుతారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం చదవరు, భయపడతారు.

భయానికి కారణముంది. నెడ్రా ఏ కథనైనా చేసి చూస్తేగానీ నమ్మదు. బ్రదర్ వెర్ల్ సామెల్సన్ ఏటా చర్చిలో, తన ముత్తాత ఇనుప పొయ్యిని తోపుడుబండిలో పెట్టుకుని మైదానాలన్నీ లాక్కుంటూ వచ్చాడని కళ్ళనీళ్ళతో చెప్పేవాడు. ఒక శనివారం నెడ్రా అచ్చం అలాంటి బండినొకదాన్ని తెచ్చి, అంతే బరువున్న పొయ్యిని దానిమీదికెక్కించి, హైస్కూలు ఫుట్‌బాల్ మైదానంలో లాగింది. మైదానం సగం కూడా దాటకముందే ఇరుసు ఫెళ్ళుమంది. వెర్ల్ ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. ఆ తరవాత చర్చిలో లేచి, తన ముత్తాత బండి మామూలు బండి కాదని చెప్పి కూర్చున్నాడు. అప్పట్నుంచీ నెడ్రా ఎవరింటికి వెళ్ళినా, ఇంట్లోవాళ్ళు గోడమీది పాత వస్తువుల గురించి నోరెత్తరు.

కథలంటే ఆమెకు పగేమీ లేదు. నిజానికి ఆమెకవంటే ప్రాణం. చచ్చిపోయినవాళ్ళు తమ గురించి తాము చెప్పుకోలేరు కదా, ఉన్నవాళ్ళు తోచినట్టల్లా చెబితే వాళ్ళకు అన్యాయం కాదా అని ఆమె బాధ. అయితే ఊరి కథలన్నీ పట్టి చూసిన మనిషి, తను పడుకునే ఇంటి కథను మాత్రం ఎప్పుడూ పట్టి చూడలేదు. చిన్నప్పటినుంచీ విన్నది కదా, నిజమేననుకుంది. అంత చదువుకున్న మనిషి సొంతింట్లోనే పప్పులో కాలేసింది.

జూన్ నెలలో ఒక పొద్దున రులాన్ టేపు పట్టుకుని తెల్ల సగం ముందు నిలబడి ఉన్నాడు. రులాన్ తెల్ల తలుపువాళ్ళ పెద్దకొడుకు, నెడ్రాకు వరసకు అన్నయ్య. ఊరి చివర కోళ్ళ దాణా కొట్టు నడుపుతాడు. మనిషి మంచివాడే, గొంతే పెద్దది.

"ఏంటన్నా, టేపు తెచ్చావు? నాకు గౌను కుట్టిస్తావా?" అంది నెడ్రా కిటికీలోంచి.

"నీకు కాదు, కారు వెనక తగిలించుకు తిరిగే నా ట్రైలర్‌కి. దానికి నీడ లేదు పాపం. ఎండకి రంగు పోతోంది."

"నీడ ఎక్కడ కడతావు?"

"ఇక్కడే. మా సగం తీసేసి."

నెడ్రా చేతిలో పాలగ్లాసు ఆగిపోయింది. "సగం ఇల్లు తీసేస్తావా? ఇదేమన్నా రొట్టె ముక్కా అన్నా, తుంచుకోడానికి?"

"కప్పు కారుతోంది. ఎవరూ ఉండటం లేదు. ఎలకలకి పన్ను కడుతున్నాం. మధ్య గోడ నీకు వదిలేస్తాలే, భయపడకు."

"పచ్చి ఇటుక గోడది. పక్కన ఆసరా తీసేస్తే ఒక్క వానాకాలం నిలబడదు. పైన దూలాలు ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకటే అయితే?"

"ఒకటే ఎందుకవుతాయి? వాళ్ళిద్దరికీ మాటలే లేవు, దూలాలు కలుస్తాయా?" అని రులాన్ తన తెలివికి తనే మురిసిపోయి నవ్వాడు. "అమ్మ సంతకం పెడతానంది. ఇరవై నాలుగున, అందరి ముందూ."

నెడ్రా పాలగ్లాసు కిటికీలో పెట్టేసింది. ఆమె పుట్టింది ఆ ఇంట్లో. తల్లి మెర్ల్ కన్నుమూసింది ఆ వంటగదిని ఆనుకుని ఉన్న గదిలో. రులాన్ గునపం దింపితే ఆమెకు నిలవడానికి నీడ ఉండదు, ఆయన ట్రైలర్‌కి మాత్రం ఉంటుంది.

ఆ సాయంత్రమే ఆమె, ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉండే రులాన్ తల్లి లరూ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది. తెల్ల సగం లరూ పేరనే ఉంది. తొంభై దాటిన మనిషి, మారెన్‌కు సొంత మనవరాలు, రెండు తలుపులవాళ్ళలోనూ అందరికన్నా పెద్దది. చెవులు బాగా వినిపిస్తాయి, ఇష్టం లేనప్పుడు తప్ప. ఆవిడ హాల్లో, కిటికీ కింద, మారెన్ చెక్క ఉయ్యాల ఉంటుంది. కింద వంపు చెక్కలు, పక్కన చిన్న ఇనుప రింగు. ఏటా ఊరేగింపులో ఆ ఉయ్యాలను ట్రాక్టరు బండి మీద పెట్టి, రింగులో జెండా గుచ్చి, దాని పక్కన లరూను కూర్చోబెట్టి తిప్పుతారు. తెల్ల తలుపువాళ్ళకు ఆ ఉయ్యాలంటే ఎంత గర్వమో చెప్పలేం. పసుపు తలుపు బిడ్డ ఎవరూ అందులో పడుకున్న పాపాన పోలేదు.

"సంతకం పెట్టకు పెద్దమ్మా. నీ సగం పోతే నా సగం పడిపోతుంది" అంది నెడ్రా నేరుగా.

"నువ్వు మా ఇంటికొచ్చి ఉండవే. గది ఖాళీగానే ఉంది. టీవీ మాత్రం నేను చెప్పిందే చూడాలి."

"ఇల్లు పడగొట్టాలని నీకెందుకంత పట్టుదల?"

లరూ చేతికర్రను అటూ ఇటూ తిప్పింది. "మీ అమ్మా నేనూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, తెలుసా? జడలు ఒకరికొకరం వేసుకునేవాళ్ళం. ఇంటి గుమ్మం దగ్గరికి రాగానే ఎవరి తలుపు వాళ్ళది. ఒకసారి దాని వెనకాలే పసుపు తలుపులోకి పోబోయాను. మా నాన్న చెవి పట్టుకుని వెనక్కి లాగాడు. 'మీ నాయనమ్మ చచ్చేదాకా ఆ గడప తొక్కలేదు, నువ్వు తొక్కుతావా' అన్నాడు. ఆ ఇంటిని చూస్తే నాకు చెవి నొప్పెడుతుందే ఇప్పటికీ. ఆ ముసలాళ్ళకి ఒకళ్ళంటే ఒకళ్ళకి పడలేదు. పడనివాళ్ళ గోడలు మనమెందుకు నిలబెట్టడం?"

"పడలేదని నీకెవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఇదిగో, నీ కాలేజీ ప్రశ్నలు నా దగ్గర పెట్టకు!" అంటూ లరూ కర్ర నేలకేసి కొట్టింది. తరవాత గొంతు తగ్గించి అంది, "వాళ్ళకి పడిందని చూపించు. కబుర్లు కాదు, నా కళ్ళకి చూపించు. అప్పుడు సంతకం పెట్టను. రులాన్‌గాడు బండి తీసుకెళ్ళి కోళ్ళషెడ్డులో పెట్టుకుంటాడు."

నెడ్రా ఇంటికొచ్చి, దూలాలు ఒకటేనో కాదో చూద్దామని వంటగదిలో గోడకు చేరేసిన పెద్ద అలమారను జరిపింది. జరపడమంటే మాటలు కాదు, గిన్నెలన్నీ దించి, వీపుతో నెట్టి, మధ్యలో రెండుసార్లు కూర్చుని రూట్‌బీర్ అనే తీపి సోడా తాగి, తలప్రాణం తోకకొచ్చాక జరిగింది. వెనకాల సున్నం రంగు వేరుగా ఉంది. వేలితో కొడితే శబ్దం కూడా వేరే. సున్నం గీకితే తలుపు చట్రం బయటపడింది. చట్రం లోపల ఇటుకలు పేర్చి మూసేశారు. దాని పక్కనే, కూర్చున్న మనిషి భుజమెత్తున, గోడలో బిరడా కొట్టిన కన్నం ఒకటి కనిపించింది.

రెండు మూడు రోజులు ఆమె ఇటుకల్ని ఒక్కొక్కటే ఊడదీసింది. కింద గడప కనబడ్డప్పుడు వంగి చేత్తో తడిమింది. దేవదారు చెక్క గడప నడుమ గరిటెలా లోతుగా అరిగిపోయి ఉంది. గబగబా బయటికి పరిగెత్తి ముందు తలుపుల గడపలు చూసింది. తెల్ల తలుపు గడప బాగానే అరిగింది. పసుపు తలుపు గడప అంచు ఇంకా చెయ్యి కోసుకుపోయేంత పదునుగా ఉంది. తన వాళ్ళు తరవాతి రోజుల్లో పెట్టించుకున్న పెరటి తలుపునే ఎక్కువగా వాడారు, ఇంగర్ రోజుల్లో అదీ లేదు. అంటే ఇంగర్ వైపు వాళ్ళు రోడ్డు తలుపు వాడిందే తక్కువ. మారెన్ గదిలోంచే వెళ్ళారు, మారెన్ గదిలోంచే వచ్చారు.

ఆమె కన్నానికున్న బిరడా లాగేసరికి అవతల ఒక కన్ను కనబడింది. నెడ్రా కెవ్వుమంది. అవతల కన్ను కూడా కెవ్వుమంది.

"నేనే!" అంది కన్ను, రులాన్ గొంతుతో. "మా సగంలో దుమ్ము రాలుతుంటే ఎలకలేమో అనుకున్నా. ఇంత పెద్ద ఎలకని తెలీదు."

"చూడన్నా, ఇటు రా, తలుపు! వాళ్ళు ఒకళ్ళింట్లోకి ఒకళ్ళు తిరిగారు. ఈ గడప చూడు!"

రులాన్ ఇటుకలు తీసిన తలుపులోంచి వంగి వచ్చి గడపను చూశాడు. బొటనవేలితో ఒకసారి తడిమాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిదానా! ఇది అరిగించింది మన ముత్తాత. ఇద్దరు పెళ్ళాలు, మధ్యలో ఒక తలుపు. ఆయన కాక ఇంకెవరు తిరుగుతారు? పగలు ఇటు, రాత్రి అటు. పాపం ఎన్ని జతల బూట్లు అరిగాయో!"

నెడ్రాకు కోపం రావాల్సింది. కానీ ఆమె చరిత్రకారిణి, ఆ మాటలో న్యాయముందని వెంటనే తెలిసిపోయింది. గడప ఎవరి కాళ్ళకు అరిగిందో గడప చెప్పదు. నీల్స్ మతప్రచారానికని రెండుసార్లు డెన్మార్క్ వెళ్ళి ఏళ్ళతరబడి ఉండిపోయాడు, ఆ తరవాత ఇద్దరు భార్యలున్న నేరానికి జైల్లో కూర్చున్నాడు, అంతకుముందు పోలీసులకు దొరక్కుండా గడ్డివాముల్లో దాక్కున్నాడు. ఇంట్లో ఉన్నది తక్కువే. అయినా ఉన్నన్నాళ్ళూ చురుగ్గా తిరిగాడేమో, ఎవరికి తెలుసు? లరూ పెద్దమ్మ కూడా ఇదే మాటంటుంది, గట్టిగా నవ్వి సంతకం పెట్టేస్తుంది. పరీక్షపేపర్లలో పిల్లల వాదనలను కొట్టేసినట్టే నెడ్రా తన వాదనను తనే కొట్టేసుకుంది.

మిగిలింది కన్నం. అదేమిటో ఆమెకు అంతుపట్టలేదు. పొగగొట్టానికనుకుందామంటే చిన్నది. చూడ్డానికనుకుందామంటే కిందికుంది. లోపల కొమ్ముతో చేసిన చిన్న గొట్టం బిగించారు. వంటగది వైపు ఆ కొమ్ము అంచు కిందివైపుకి, పొయ్యి ఉన్న మూలకేసి ఒరిగి, నున్నగా గాడిపడి ఉంది. గంట తాడేమో అనుకుంది, కానీ గంట వేలాడదీసిన గుర్తు ఎక్కడా లేదు. ఉన్ని దారమేమో అనుకుంది, దారానికంత గాడి పడదు. అటకమీద ఉన్న తాళ్ళన్నీ తెచ్చి అందులోంచి పోనిచ్చి లాగి చూసింది. రులాన్ అవతలనుంచి తాడు కొసను పట్టుకుని, "చేప పడిందా?" అని అరిచేవాడు. పడగొట్టడానికి వచ్చినవాడు రోజూ పొద్దున్నే ఆ తాడాట కోసం వచ్చి కూర్చునేవాడు. జూలై గడిచిపోతోంది, నెడ్రాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆ మధ్య ఆదివారం చర్చిలో ఆమె మేనకోడలు తన పసిబిడ్డను నెడ్రా చేతికిచ్చి బాత్రూముకెళ్ళింది. ఇచ్చేముందు, పసుపు తలుపు ఆడవాళ్ళందరూ చేసేదే, బిడ్డ దుప్పటి రిబ్బను కొసను నెడ్రా చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టింది. నెడ్రా పట్టించుకోలేదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్ని ఎవరైనా ఎందుకు పట్టించుకుంటారు?

ఇరవై నాలుగు రానే వచ్చింది. పొద్దున్నే ఊరంతా రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకుని కూర్చుంది. నెడ్రా పాతకాలపు పొడుగు గౌను, తలగుడ్డ వేసుకుని పసుపు గుమ్మంలో నిలబడింది. ఆమెకు ఊరేగింపు చూసే ఓపిక లేదు, ఇంటిని చివరిసారి చూసుకుంటున్నట్టు చూసుకుంటోంది. ఫైరింజను వెళ్ళింది, గుర్రాలు వెళ్ళాయి, హైస్కూలు బ్యాండు వెళ్ళింది. తరవాత వెర్ల్ సామెల్సన్ నడిపే ట్రాక్టరు, వెనకాల గడ్డిమోపుల బండి, దానిమీద లరూ పెద్దమ్మ, ఉయ్యాల. పెద్దమ్మ పిల్లల మీదికి మిఠాయిలు విసురుతోంది, గురి చూసి మరీ.

ఆ రోజు గాలి లేదు. ఉయ్యాల రింగులో గుచ్చిన జెండా ఒక పక్కకు పడిపోయింది. లరూ దాన్ని నిలబెట్టింది, మళ్ళీ పడింది. నెడ్రా చూస్తూ ఉండిపోయింది. జెండా నిలబడదు, ఎందుకంటే రింగు జెండా కోసం పెట్టింది కాదు. అది పైకి కాదు, పక్కకు తిరిగి ఉంది. ఒక పక్క సన్నగా అరిగిపోయింది కూడా.

"ఆపండి! వెర్ల్, ఆపు!"

ట్రాక్టరు శబ్దంలో ఎవరికి వినిపిస్తుంది? నెడ్రా గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని మెయిన్ రోడ్డు మీద పరుగందుకుంది. తలగుడ్డ ఊడి వీపు మీద ఎగురుతోంది. జనం అదీ ఊరేగింపులో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. ఆమె ట్రాక్టరు ముందుకెళ్ళి చేతులు చాపి నిలబడింది.

వెర్ల్ బ్రేకు తొక్కి తలపట్టుకున్నాడు. "సిస్టర్ లున్‌గ్రెన్, మళ్ళీ పొయ్యి సంగతి ఎత్తుతావా? అందరి ముందా?"

"నీ పొయ్యి జోలికి నేను రాను, ఒట్టు. నాకా ఉయ్యాల కావాలి, ఒక్క పావుగంట."

"ఉయ్యాల ఎవరికీ ఇచ్చేది లేదు!" రులాన్ రోడ్డు పక్కనుంచి ఒంటికాలిమీద లేచాడు.

లరూ పెద్దమ్మ నెడ్రా ముఖంలోకి చూసింది. చెమటలు కారుతున్నాయి, కళ్ళు మెరుస్తున్నాయి. "దింపండ్రా. నన్ను కూడా దింపండి. నడుం పట్టేసింది" అంది.

బ్యాండువాళ్ళు లేకుండానే ఊరేగింపు సగం తెల్ల తలుపులోకి దూరింది. ఉయ్యాలను గోడపక్కన, కన్నానికి ఎదురుగా పెట్టారు. రింగు సరిగ్గా కన్నంకేసి చూస్తోంది. నెడ్రా గడ్డిమోపులకు కట్టిన పురికొసను ఒకటి విప్పి, రింగుకు ముడేసి, రెండో కొసను కన్నంలోకి పోనిచ్చింది. లోపలి తలుపులోంచి తన వంటగదిలోకెళ్ళి, పొయ్యిదగ్గర కుర్చీలో కూర్చుని, మెల్లిగా కిందికి లాగింది. పురికొస కొమ్ముమీది గాడిలో తనంతట తనే పడింది. అవతల ఉయ్యాల కిర్రుమంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

తెల్ల గదిలో జనం ఉయ్యాల చుట్టూ మూగారు.

"చలికాలం తలుపు మూసుకుంటే కూడా ఊపొచ్చు" అంది నెడ్రా ఇవతలనుంచి. "మారెన్ పొలంలో ఉంటే ఇంగర్ వంట చేసుకుంటూ ఊపింది. ఇంగర్ బిడ్డ ఇందులోనే పడుకుంటే మారెన్ పక్కనే కూర్చుని ఊపి ఉంటుంది. మా వైపు వేరే ఉయ్యాలన్న మాటే లేదు, ఇద్దరి బిడ్డలకీ ఇదొక్కటే ఉయ్యాల."

"ముత్తాత లాగాడేమో" అన్నాడు రులాన్, అలవాటు కొద్దీ.

"ముత్తాత? ఉయ్యాల తాడు?"

గదిలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి రులాన్‌కేసి తిరిగారు. తరవాత నవ్వు మొదలైంది. తెల్ల తలుపు, పసుపు తలుపు అని లేకుండా నవ్వారు. ఆ వంశంలో మగవాళ్ళకు ఎంత గొప్ప పేరున్నా ఉయ్యాల ఊపిన పేరు మాత్రం లేదు. అందరికన్నా ఎక్కువ నవ్వింది లరూ పెద్దమ్మ. "మా నాన్న పుట్టినప్పుడు మా తాత డెన్మార్క్‌లో ఉన్నాడురా! అంత పొడుగు తాడు ఎవరు పేనారు?" అని కళ్ళు తుడుచుకుంది.

నవ్వు తగ్గాక ఆవిడ ముఖం మారింది. "మరి ఈ తలుపు మూసిందెవరే?"

నెడ్రా పక్కన పేర్చిన ఇటుకల్లోంచి ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "ఇది బట్టీ ఇటుక పెద్దమ్మా, పచ్చిది కాదు. మన ఊళ్ళో బట్టీ పెట్టేనాటికి వాళ్ళిద్దరూ శ్మశానంలో ఉన్నారు."

లరూ ఇటుకను నిమిరింది. "అయితే మా నాన్న" అంది చివరికి. "మా నాన్న, మీ తాత. పొలానికి నీళ్ళ వంతు దగ్గర పారలతో కొట్టుకున్నారు, ఆ మచ్చ నేను చూశాను. వాళ్ళు కొట్టుకుని, నింద వాళ్ళమ్మల మీదికి తోసేశారు." ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. "దానికోసం నా చెవి మెలిపెట్టాడు. మెర్ల్‌తో ఒక్కరోజు, ఒక్కరోజైనా ఆడుకోనివ్వలేదు."

నెడ్రా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇక్కడే ఆగితే బాగుండేది, కానీ ఆమె నైజం ఊరుకోనివ్వలేదు. "వాళ్ళు ఎంతో ప్రేమగా ఉన్నారని నేను చెప్పను పెద్దమ్మా. తిట్టుకునే ఉంటారు, అలిగే ఉంటారు. ఒకరి బిడ్డను ఒకరు ఊపారు. నేను చెప్పగలిగింది అంతే."

"అంత చాలే" అంది లరూ.

రులాన్ గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది. కానీ కప్పు కారుతూనే ఉంది కదా? నా ట్రైలర్..."

అప్పుడే ఆయన మనవరాలు, తెల్ల తలుపు పిల్ల, ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకొచ్చి, "తాతా, పట్టుకో, దుంపలు మాడిపోతున్నాయి" అని ఆయన చేతుల్లో పెట్టింది. పెడుతూ, చూసుకోకుండానే, దుప్పటి రిబ్బను కొసను ఆయన చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టి పరిగెత్తబోయింది.

"ఆగు!" అంది నెడ్రా. "అదేంటి, అలా చుట్టావు?"

ఆ పిల్ల తెల్లబోయింది. "ఏముంది ఆంటీ? బిడ్డనిచ్చేటప్పుడు అందరూ చేసేదే కదా."

"అందరూ ఎక్కడ చేస్తారు, మేం చేస్తాం" అంది పసుపు తలుపు మేనకోడలు.

"మేం చేస్తాం" అంది ఆ పిల్ల.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నెడ్రా తన చిటికెనవేలిని చూసుకుంది. పుట్టినప్పటినుంచీ తన వేలికి చుట్టుకుంటున్నదాన్ని ఆమె మొదటిసారి చూసింది. తాడు కొసను ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఇచ్చిన ఇద్దరాడవాళ్ళు ఎక్కడికీ పోలేదు. అన్నదమ్ములు గోడ కట్టగలిగారుగానీ, ఆ చుట్లను మాత్రం విప్పలేకపోయారు.

రులాన్ ఏడుస్తున్న బిడ్డతో, వేలికి రిబ్బనుతో, ఎటూ కదల్లేక నిలబడ్డాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చివరికి వంగి, బిడ్డను ఉయ్యాలలో పడుకోబెట్టాడు. "కప్పుకి రేకులు నేనే వేస్తాలే" అని గొణిగాడు. "రెండు వైపులా వేస్తా. రంగు మాత్రం తెలుపే."

"పసుపు" అంది నెడ్రా.

లరూ పెద్దమ్మ అప్పటికే లేచి కర్ర పట్టుకుని లోపలి తలుపు దగ్గరికి నడుస్తోంది. అరిగిన గడప మీద ఒక క్షణం ఆగి చెవి తడుముకుంది. తరవాత దాన్ని తొక్కి, తొంభై ఏళ్ళు దాటాక మొదటిసారి, మెర్ల్ వంటగదిలోకి వచ్చింది. చుట్టూ చూసింది. పొయ్యి చూసింది, కిటికీ చూసింది. కుర్చీలో కూర్చుని పురికొస పట్టుకుని లాగింది. అవతల ఉయ్యాల కిర్రుమంది. బిడ్డ ఏడుపు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోయింది.

"అమ్మా, పడుకుంది" అన్నాడు రులాన్ కన్నంలోంచి, గుసగుసగా. ఆయన గొంతు అంత చిన్నగా వినడం ఊళ్ళో ఎవరికైనా అదే మొదలు.

లరూ ఇంకాసేపు ఊపింది. తరవాత నెడ్రాను దగ్గరికి రమ్మని, పురికొస చివరను ఆమె చిటికెనవేలికి రెండు చుట్లు చుట్టింది.

"ఇక నువ్వు లాగవే" అంది. "నాకు ఆకలేస్తోంది. మీ బల్ల దుంపల్లో ఉప్పు నిజంగానే తక్కువేమో చూసొస్తా."